పంటు రాకముందే ఊరు రాసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, నాగాయలంక మండలం వైపు ఉన్న ఒక చిన్న దీవి. తుఫాను తర్వాత దాదాపు వారం రోజులు పంటు (మనుషుల్ని, సామాన్లను ఏరు దాటించే పెద్ద పడవ) తిరగలేదు, ఫోన్లు పనిచేయలేదు, ఎవరూ రాలేదు. ఆ తర్వాత బియ్యం వస్తే రేవు దగ్గర ఉన్నవాళ్లకే పంచేసి పడవ వెళ్లిపోయింది. దీవికి అవతలి కొసన ఉన్న మా పాలేనికి కబురు అందేసరికి ఏమీ మిగలలేదు. ఇప్పటికి మూడు వారాలైంది. ఇల్లు కూలింది, నాన్న పడవ దెబ్బతింది, వలలు కొట్టుకుపోయాయి, పాడి గేదె చనిపోయింది. నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారంటున్నారు కానీ ఇంకా రాలేదు. నాన్న ‘మనం ఎవరి ముందూ చేయి చాచినవాళ్లం కాదు, ఇస్తే తీసుకుందాం, అడగొద్దు’ అంటున్నారు. భర్త పోయి మాతోనే ఉంటున్న మా వదిన పేరు ఇంకా పుట్టింటి రేషను కార్డులోనే ఉంది. బావి నీళ్లు ఉప్పగా మారితే, ఇంజను పెట్టి మొత్తం తోడించేద్దామని కుర్రాళ్లు తొందరపడుతున్నారు. ఎదురుచూడడం తప్ప మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో బావి మాట చివర వచ్చింది కానీ నేను దానితోనే మొదలుపెడతాను. మిగతా పనులు రెండు రోజులు ఆలస్యమైనా సర్దుకోవచ్చు. ఇంజను పెట్టి బావిని అడుగంటా తోడేస్తే మాత్రం దాన్ని సరిచేయడానికి నెలలు పట్టవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక నేలల్లో వాన నీరు భూమిలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద ఒక పలుచని పొరగా నిలిచి ఉంటుంది. మీరు ఇన్నాళ్లూ తాగిన తీపినీరు ఆ పొరలోదే. పెద్ద ఇంజనుతో ఒక్కసారిగా తోడితే పైపొర ఖాళీ అయి, కిందనున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో శుభ్రం చేయాలన్న మంచి ఉద్దేశంతోనే బావులను పదేపదే తోడించారు. దానివల్ల ఉప్పు తగ్గకపోగా కొన్నిచోట్ల ఇంకా ఎక్కువైందని ఆ తర్వాత పరిశీలించిన నిపుణులు చెప్పారు. అందువల్ల చెత్తాచెదారం, బురద తీసేయండి. బొక్కెనతో నెమ్మదిగా, రోజుకు కొంచెం చొప్పున మాత్రమే తోడండి. బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలో పంచాయతీ సిబ్బందిని గానీ ఏఎన్ఎంను గానీ అడిగి వేయించండి. తర్వాత పని వాన చేయాలి. ఒక్క విషయం ఇంటింటికీ చెప్పండి: నీళ్లు కాచితే క్రిములు చస్తాయి కానీ ఉప్పు పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. తాగడానికి, వంటకు ప్రస్తుతానికి అవతలి ఒడ్డు నుంచి పడవ మీద నీళ్లు రావలసిందే. మీ అర్జీలో మొదటి కోరిక బియ్యం కాదు, నీళ్లు కావాలి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఎదురుచూడడం తప్ప చేయగలిగింది ఉంది, అది చాలా ముఖ్యమైనది కూడా. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినన్నాళ్లూ తీర మండలాల్లో గమనించినది ఒకటే: దీవులకు సాయం ఆలస్యం కావడానికి ఎక్కువసార్లు కారణం సరుకు లేకపోవడం కాదు. బియ్యం బస్తాలు ఒడ్డున ఉంటాయి, లేనిది పడవ. పడవ దొరికాక కూడా ఏ దిబ్బ మీద ఎన్ని ఇళ్లున్నాయో, ఎక్కడ నీళ్లు లేవో, ఎవరింట్లో పసిబిడ్డ ఉందో, ఎవరు మంచంలో ఉన్నారో చెప్పగల కాగితం ఎవరి దగ్గరా ఉండదు. అటువంటప్పుడు పడవతో వచ్చిన ఉద్యోగి తనకు కనిపించినవాళ్లకు ఇచ్చి, ఆటుపోట్లు మారకముందే తిరిగి వెళ్లిపోతాడు. కనిపించేది రేవు. మీ పాలేనికి అన్యాయం జరిగిన మాట నిజమే, దాన్ని నేను తేలిక చేయడం లేదు. అయితే ఆ అన్యాయం చాలావరకు దుర్బుద్ధితో కాక, లెక్క లేనితనం వల్ల జరుగుతుంది. అందుకే ఆ లెక్కను మీ ఊరే రాసుకోవాలి.

ఎప్పుడో ఒక రేవులో చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది. బస్తాలు దింపుతుండగానే మళ్లీ జల్లు మొదలైంది. పేర్లు రాస్తున్న గుమస్తా రిజిస్టరు తడిసి, సిరా అలుక్కుపోయి, ఎవరికి ఇచ్చామో ఎవరికి ఇవ్వలేదో ఆయనకే తెలియని స్థితి వచ్చింది. జనం అరుపులు ఎక్కువయ్యాయి. అప్పుడు డ్వాక్రా సంఘం నడిపే ఒక ఆమె పాలిథీన్ సంచిలో చుట్టి తెచ్చిన స్కూలు నోటుపుస్తకం తీసింది. అందులో వీధుల వారీగా ఇంటి పెద్ద పేరు, మనుషుల సంఖ్య, కార్డు నంబరు పెన్సిలుతో రాసి ఉన్నాయి. పెన్సిలు రాత తడికి చెరగలేదు. ఆ పుస్తకం చూసి పేర్లు పిలిచాక గొడవ సద్దుమణిగి, పంపిణీ గంటలో ముగిసింది. మీ దీవిలోనూ డ్వాక్రా సంఘాలు ఉంటాయి కదా. ఇంటింటి సంగతి వాళ్లకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు, వాళ్లను కలుపుకోండి.

ఆ పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ ఇవ్వండి. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, గర్భిణులు, బాలింతలు, వృద్ధులు, రోజూ మందులు వాడేవారు ఎవరు అన్నది మొదట రాయండి. తర్వాత ఇల్లు, పడవ, వలలు, పశువులు, పంట ఏమేరకు పోయాయో రాయండి. ఇప్పటివరకు ఏ సాయం ఏ తేదీన అందిందో, ఏది అందలేదో కింద రాసి, ఇంటి పెద్ద సంతకమో వేలిముద్రో, దాంతోపాటు పక్కింటివారి సాక్షి సంతకం పెట్టించండి. అతిశయోక్తి వద్దు. ఒక్క వల పోయినచోట మూడు రాస్తే, పరిశీలనకు వచ్చినవారు ఆ ఒక్క పేజీని కాదు, మొత్తం పుస్తకాన్నే అనుమానిస్తారు. పైగా తప్పుడు నష్టం చూపి సాయం పొందితే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 52వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. పుస్తకం పూర్తయ్యాక ప్రతి పేజీనీ ఫోనులో ఫోటో తీసి, దీవి బయట ఉన్న ఇద్దరు ముగ్గురు బంధువులకు పంపి ఉంచండి.

ఇంటి విషయంలో మీరు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి, ఎందుకంటే చాలా కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఏ నష్టానికి ఎంత ఇవ్వాలో కేంద్రం నిర్ణయిస్తుంది. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా, 1,20,000 రూపాయలు. అదే గుడిసె అయితే 8,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. కూలిన ఇంటికి ఇచ్చే 1,20,000కూ గుడిసెకు ఇచ్చే 8,000కూ మధ్య ఉన్న దూరం చూడండి. మట్టి గోడలు, తాటాకు కప్పు ఉన్న ఇంటిని నష్టం రాసే ఉద్యోగి గుడిసె అని రాస్తాడా, కచ్చా ఇల్లు అని రాస్తాడా అన్నదాని మీద మీ కుటుంబం మళ్లీ గోడలు లేపగలదా లేదా అన్నది ఆధారపడి ఉంది. తాటాకులు, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో కట్టి, కచ్చా ఇంటికన్నా తక్కువ స్థాయిలో ఉండే తాత్కాలిక నివాసాన్ని ఆ ప్రమాణాలు గుడిసెగా లెక్కిస్తాయి. మీ ఇంటికి అరుగు ఉంటే, గోడలు నిలకడగా కట్టినవైతే, ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు ఉంటే అది తాత్కాలిక నివాసం కాదని చెప్పడానికి ఆధారాలు ఉన్నట్టే. కూలిన గోడల మొదళ్లు, పునాది, మీటరు బోర్డు కనిపించేలా నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. పాత పెళ్లి ఫోటోల్లోనో పండుగ ఫోటోల్లోనో ఇల్లు వెనకాల కనిపిస్తుంటే అవీ వెతికి పెట్టండి. ఎన్యుమరేషన్‌కు, అంటే నష్టం లెక్క రాసుకోవడానికి, వచ్చిన రోజున మీ ఇంటిని ఏ వర్గంలో రాశారో అడిగి, అక్కడికక్కడే చూసుకోండి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు.

అప్పటివరకు వానలో తడవలేరు కదా. బరకం కప్పుకోండి, కర్రలు పాతుకోండి. నష్టం చూపించాలని శిథిలాల మధ్య పసిపిల్లలతో పడుకోవలసిన పని లేదు. ఫోటోలు, సాక్షి సంతకాలు పూర్తయ్యాక దారికి అడ్డంగా ఉన్నవి తీసేసుకోవచ్చు.

పడవకు, వలలకు ఇచ్చే మొత్తం చూసి మీ నాన్నగారికి బాధ కలగవచ్చు. అవే ప్రమాణాల్లో పూర్తిగా పోయిన పడవకు 15,000, మరమ్మతుకు 6,000, పూర్తిగా పోయిన వలకు 4,000, బాగుచేసుకోగల వలకు 3,000 రూపాయలు మాత్రమే ఉన్నాయి. ఈ ధరలకు వేటకు పనికివచ్చే పడవ రాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇది నష్టానికి పరిహారం కాదు, నిలదొక్కుకోవడానికి తక్షణ సాయం. రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వులతో దీన్ని పెంచి ఇవ్వవచ్చు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు నేల అంతస్తు మునిగిన ఇళ్లకు ఇంటికి 25,000 రూపాయలు ఇచ్చినది అటువంటి నిర్ణయమే. కాబట్టి మీ తుఫానుకు విడిగా ఏ ఉత్తర్వు వచ్చిందో మీ గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి. పడవ రిజిస్ట్రేషన్ కాగితం తడిసి పాడైపోతే మత్స్యశాఖ కార్యాలయంలో నకలుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. నంబరు కనిపించేలా పడవ చెక్కను దాచి ఉంచండి, పొయ్యిలోకి పోనివ్వకండి.

అవే ప్రమాణాల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు, మేకకు గొర్రెకు 4,000 చొప్పున ఉంది. కళేబరాన్ని ఇప్పటికే పాతిపెట్టి ఉంటారు, అది సరైన పనే, అలా వదిలేస్తే జబ్బులు వస్తాయి. పశువైద్యుని ధ్రువీకరణ లేకుండా పాతిపెట్టారు కాబట్టి ఇప్పుడు చేయవలసింది వేరు. గేదె చెవికి వేసిన పసుపు ట్యాగు నంబరు టీకాల కార్డులోనో బీమా కాగితంలోనో ఉంటుంది, దాన్ని పట్టుకోండి. పాల కేంద్రంలో పాలు పోసిన పుస్తకం ఉంటే అదీ ఆధారమే. పాతిన చోటు చూపించి, చూసిన ఇరుగుపొరుగు వారి సంతకాలతో పంచనామా రాయమని పశుసంవర్ధక శాఖ ఉద్యోగిని కోరండి.

మీ వదిన విషయం. ఆమె పేరు కార్డులో ఎక్కడ ఉన్నా, ఆమె బతుకుతున్నది మీ దీవిలో, ఆ కూలిన కప్పు కిందే. మీ పుస్తకంలో ఆమెకు, పిల్లలుంటే వారికి, ఒక పేజీ విడిగా తెరవండి. వేరు పొయ్యి ఉంటే ఆ మాట రాయండి. విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ సహాయ శిబిరాల్లో ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యంతో పాటు వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్ల గురించి కూడా కనీస ప్రమాణాలు ఉండాలని చెబుతుంది. ఆమె తరఫున మీరు మాట్లాడకండి. ఆమె అర్జీ ఆమె పేరుతో, ఆమె సంతకంతో, ఆమె బ్యాంకు ఖాతా నంబరుతో వెళ్లాలి. కార్డు మార్పిడికి దరఖాస్తు కూడా అదే రోజు సచివాలయంలో ఇచ్చేయండి. లేకపోతే వచ్చే తుఫానుకూ ఇదే మాట వినవలసి వస్తుంది. మీ పాలెంలో కౌలు సాగుదారులు ఉంటే వారిదీ ఇటువంటి చిక్కే. ఈ-పంటలో, అంటే ప్రభుత్వం ఆన్‌లైన్‌లో చేసే పంట నమోదులో, సాగుదారుగా వారి పేరు ఎక్కిందో లేదో చూసుకోకపోతే పంట నష్టం సొమ్ము పొలం యజమాని ఖాతాలో పడిపోతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన ఆత్మాభిమానం మీద నాకు గౌరవం ఉంది. సముద్రం మీద కష్టపడి బతికిన మనిషికి వరుసలో నిలబడి సంచి పట్టడం ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. అయినా ఆయనతో ఈ సంగతులు నెమ్మదిగా మాట్లాడి చూడండి. ఆ విపత్తు స్పందన నిధి ఏ దాత జేబులోంచీ వచ్చింది కాదు. మన రాష్ట్రంలో అందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి, ఆ రెండింటికీ డబ్బు వచ్చేది పన్నుల నుంచి. ఆయన కొట్టులో సబ్బు కొన్నా, వల అల్లే నైలాను దారం కొన్నా ఆ పన్నులో ఆయన వంతు ఆయన కడుతూనే ఉన్నారు. సాయం పంచేటప్పుడు లింగం, కులం, సమాజం, వంశం, మతం చూసి తేడా చేయరాదని విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ చెబుతోంది. చట్టం ఇంత స్పష్టంగా చెప్పినదాన్ని అడగడం యాచన ఎలా అవుతుంది?

ఇంకొక మాట కూడా చెప్పండి. ఆయన అడగకపోతే నష్టం ఆయన ఒక్కరిదే కాదు. పాలెంలో పెద్దమనిషి ఊరుకుంటే, ఆయనను చూసి పక్క నాలుగిళ్లూ ఊరుకుంటాయి, అప్పుడు పై కార్యాలయంలో ఆ కొస అంతా నష్టం లేని ప్రాంతంగా లెక్కలోకి వెళుతుంది. మీ ప్రాంతం వారికి ఇది పాత గాయం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పదివేల మంది దాకా పోయారని ప్రభుత్వ లెక్క. సొర్లగొంది వంటి ఊళ్లలో బతికి బయటపడ్డవారు ఆ లెక్కను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. లెక్కలోకి ఎక్కనివారికి ఏ సాయమూ అందదు. ఆయనను సంచి పట్టుకొని నిలబడమని అడగకండి, పుస్తకం పట్టుకొని తిరగమని అడగండి. ఎవరి పడవ ఎంత పాతది, ఎవరికి ఎన్ని వలలు ఉండేవి, ఎవరు నిజం చెబుతున్నారు అన్నది పాలెంలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అవతలి కొసన ఉన్న ఇళ్ల పేజీల మీద సాక్షి సంతకం ఆయనదైతే దానికి విలువ ఉంటుంది.

పుస్తకం సిద్ధమయ్యాక పంటు మీద ఊరంతా వెళ్లవలసిన పని లేదు, అందరికీ కూలి పోతుంది, పడవ ఖర్చు అవుతుంది. ముగ్గురు చాలు, అందులో ఒకరు మీ పాలెం నుంచి, ఒకరు స్త్రీ ఉండాలి. ఊరంతటికీ ఉమ్మడి అర్జీ ఒకటి, ఇంటింటికీ విడి అర్జీ ఒకటి తీసుకెళ్లండి. ఉమ్మడి అర్జీలో తాగునీరు, రాకపోకలకు పడవ, ఎన్యుమరేషన్ బృందం వచ్చే తేదీ, మొదటి విడతలో బియ్యం అందని ఇళ్ల జాబితా, ఈ నాలుగు మాత్రమే అడగండి. రోడ్డు, వంతెన, పాత బకాయిలు అందులో కలపకండి. అవి న్యాయమైనవే అయినా, వాటితో కలిస్తే అర్జీ వేరే విభాగానికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ముందు తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి తేదీతో ముద్ర వేసిన రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని, మొదటి రసీదు నకలు జతచేసి ఇవ్వండి, అక్కడ నమోదు సంఖ్య ఇస్తారు. జిల్లా కంట్రోల్ రూం నంబరు 1077, రాష్ట్రానిది 1070. ఫోను చేసిన తేదీ, సమయం, మాట్లాడినవారి హోదా మీ పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచండి.

లబ్ధిదారుల జాబితా తయారయ్యాక దాన్ని సచివాలయం గోడ మీద అంటించమని అడగండి, అంటించిన రోజే ఫోటో తీయండి. పేరు లేకపోతే అభ్యంతరం రాతపూర్వకంగా, ఇచ్చిన గడువులోగా పెట్టాలి. నోటిమాటగా చెప్పింది ఎక్కడా నిలవదు. అయినా ఎందుకు లేదో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ దీవి నష్టం జాబితా నకలు కోరండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇది ఎవరి మీదా యుద్ధం కాదు. నిజాయితీగా పనిచేసే ఉద్యోగికి మీ కాగితం పని తేలిక చేస్తుంది, పనిచేయనివాడికి తప్పించుకునే దారి మూస్తుంది.

రేవు దగ్గరివారి మీద మీ పాలెంలో కోపం ఉందని మీ ఉత్తరం ధోరణిలోనే తెలుస్తోంది. ఆ కోపాన్ని పుస్తకంలోకి రానివ్వకండి. వాళ్ల ఇళ్లూ కూలాయి. ఒకే దీవి నుంచి రెండు జాబితాలు, ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు వెళితే రెండింటినీ పక్కన పెట్టడం ఎంత సులువో నేను దగ్గర నుంచి చూశాను. రేవువారి పేజీలు కూడా మీరే రాసి, మలివిడత సరుకు వచ్చినప్పుడు పంపిణీ అవతలి కొస నుంచి మొదలవ్వాలన్న ఒక్క మాట మీద వారి సంతకాలు తీసుకోండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఈ పుస్తకాన్ని సాయం అందాక పారేయకండి. మన తీరానికి తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి కాబట్టి, ఏటా దసరాకు ముందే పేర్లు సరిచూసి, ఆధార్, కార్డు, పాసు పుస్తకాల నకళ్లతో కలిపి నీరు చొరని సంచిలో వేసి, ఒకటి తుఫాను షెల్టరులో, ఒకటి అవతలి ఒడ్డున నమ్మకమైనవారి ఇంట్లో ఉంచండి. ఈసారికి మాత్రం రేపు ఉదయం బావి దగ్గరికి వెళ్లి ఆ ఇంజనును ఆపించండి, మధ్యాహ్నానికి మీ పాలెం మొదటి పేజీ తెరవండి.